సమాధి మట్టికి లగేజీ ఛార్జీ

పోయిన వారం వినీలను మనం డైనింగ్ టేబుల్ దగ్గర, చేతిలో పెన్నుతో, నోట మాట రాని స్థితిలో వదిలేసి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అట్లాగే కూర్చుని ఉంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. చర్చిలో ఆదివారం పూజ అయింది, కోడికూరతో భోజనాలూ అయ్యాయి. విజయవాడ పటమటలోని ఆ మేడమీద వాటాలో కుటుంబమంతా చేరి మలేసియా ప్రయాణానికి బడ్జెట్ వేసుకుంటున్నారు. క్రిస్మస్ మర్నాడు బయల్దేరాలని ఆలోచన. ఆ ఇంట్లో ఎవరైనా సరదా కోసం దేశం దాటడం ఇదే మొదటిసారి. పని కోసం దాటినవాడు ఒకడున్నాడు. శౌరమ్మ పెద్దకొడుకు ఆరోన్, వినీల మొదటి భర్త. మలేసియాలో ఓడలు మరమ్మతు చేసే యార్డులో వెల్డింగ్ పనికి వెళ్లాడు. అక్కడ ఓడలో నిప్పంటుకుని పోయాడన్నారు. శవం పెట్టెలో వచ్చింది. ఉయ్యూరు అవతల సొంతూళ్లో, చర్చి వెనక సమాధుల తోటలో పూడ్చిపెట్టారు. అప్పటికి వాళ్ల కూతురు అక్షయ ఇంకా వినీల కడుపులోనే ఉంది.

పిల్లకు మూడో ఏడు నిండాక పెద్దలు కూర్చుని, ఆరోన్ తమ్ముడు యేసుకుమార్‌తో వినీలకు అదే చర్చిలో పెళ్లి జరిపించారు. ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేసే షెడ్డు అతనిది. మాటలు తక్కువ మనిషి. నిన్నటిదాకా 'వదినా' అని పిలిచినామెను పేరు పెట్టి పిలవడానికి అతనికి ఏడాది పట్టింది. మొదట్లో నోరు జారి 'వదినా' అనేవాడు, వెంటనే నాలుక్కరుచుకుని షెడ్డుకు వెళ్లిపోయేవాడు. వినీల పరిస్థితీ అంతే. 'కుమార్' అని పిలిచిన మరిదిని 'ఏవండీ' అనడానికి నోరు రాక, ఇప్పటికీ ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొస్తోంది. అయితేనేం, సంసారం సంసారంలాగే నడుస్తోంది. అక్షయ అతన్నే నాన్నా అంటుంది.

ఇక బడ్జెట్ సంగతి. బెంజ్ సర్కిల్ దగ్గర టైల్స్ షోరూములో బిల్లింగ్ చూసే వినీలకు లెక్కలు వేయడమంటే పండుగ. చిట్టీ పాడగా వచ్చిన డబ్బును ముందు పెట్టుకుని, విశాఖ దాకా రైలు, అక్కడి నుంచి రానూపోనూ విమానం టికెట్లు, హోటలు, అక్కడ తిరగడానికి కారు, అక్షయకి చేపల మ్యూజియం అని వరసగా రాసుకుంటూ పోయింది. తిండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన డెల్టా బుద్ధి బయటపడింది. 'మూడు పూటలా హోటల్లో తింటే చిట్టీ అంతా అక్కడే కరిగిపోతుంది' అని చిన్న రైస్ కుక్కరూ, కందిపొడీ, గోంగూర పచ్చడీ, వేయించిన చేపల ముక్కలూ పెట్టెలోకి చేర్చింది. దేశాలు మారినా మన నాలుక మాత్రం ఊరు దాటదు.

అసలు శ్రీలంక అయితే ఇందులో సగానికే తేలిపోతుందని ఆమె మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉంది. ఏనాడూ ఏదీ కావాలని అడగని యేసుకుమార్ ఈసారి మలేసియానే అని పట్టుబట్టాడు. ఎందుకయ్యా అంటే ఆ జంట టవర్లు చూడాలన్నాడు. ఇన్నేళ్లుగా విజయవాడలో ఉంటూ కొండపల్లి కోట కూడా ఎక్కని మనిషి! అన్న పోయిన దేశాన్ని ఒకసారి చూడాలని ఉందేమోలే అని వినీల తనకు తానే సర్దిచెప్పుకుంది.

చివరికి 'లగేజీ' అని రాసి కింద గీత గీసింది. అంతవరకూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్న శౌరమ్మ అప్పుడు తలెత్తింది. "నా సంచీ ఒకటి విడిగా రాయమ్మా. బరువుంటది. ఆరోన్ సమాధి మీద మట్టి తెస్తన్నా" అంది.

అక్కడే మనం ఆగిపోయాం.

*

"మట్టి ఎందుకత్తయ్యా?" అంది వినీల. గొంతు మెత్తగానే ఉంది. పిల్లవాణ్ణి పోగొట్టుకున్న తల్లి, ఏదో అనిపించి ఉంటుంది. "ఆయన పోయిన చోట చల్లుదామనా?"

శౌరమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆడి కోసం కాదు."

"మరి ఎవరి కోసం?"

"అందులో ఉన్నోడి కోసం."

కింద వాకిట్లో అక్షయ పక్కవాటా పిల్లలతో షటిల్ ఆడుతోంది. బ్యాట్ల చప్పుడూ, పిల్లల కేకలూ బాల్కనీలోంచి లోపలికి వస్తున్నాయి. గోడ మీద ఆరోన్ ఫొటో, దానికి చిన్న కరెంటు కొవ్వొత్తి. పెళ్లి కుదిరిన కొత్తలో తీయించుకున్న ఫొటో అది. నిలువెత్తు మనిషి, మంచి నవ్వు, ఎడమచెయ్యి మాత్రం ప్యాంటు జేబులో ఉంది. ఏ ఫొటోలో చూసినా ఆ చెయ్యి జేబులోనే ఉంటుంది. చిన్నప్పుడు చెరుకు కోతలో తండ్రి కత్తి తగిలి చిటికెనవేలు సగానికి తెగిపోయింది. కొత్తవాళ్ల ముందు ఆ చెయ్యి బయటపెట్టడానికి ఆరోన్ సిగ్గుపడేవాడు. వినీల దగ్గర మాత్రం దాచేవాడు కాదు. ఆ మొండి వేలితోనే ఆమె చెయ్యి పట్టుకుని ఉయ్యూరు సంతలో తిరిగేవాడు.

"అత్తయ్యా, మీకు ఒంట్లో బాలేదా? షుగర్ టాబ్లెట్ వేసుకున్నారా పొద్దున?"

"నా ఒంటికేం? శుభ్రంగా ఉంది. కూర్చో. ఇంక దాచలేనమ్మా. ఆ దేశం పోతన్నాం. ఆ గడ్డ మీద కాలు పెట్టి కూడా నోరు మూసుకుంటే నన్ను ఆ దేవుడు కూడా క్షమించడు."

యేసుకుమార్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని ఉన్నాడు. గోళ్లలో ఎండిపోయిన రంగును అగ్గిపుల్లతో గీకుతున్నాడు. ఆ గీకడం ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

శౌరమ్మ చిక్కుళ్ల పళ్లాన్ని పక్కకి జరిపింది.

"పెట్టె హైదరాబాదులో దిగింది, అంబులెన్సులో వస్తందని కబురొచ్చింది. నువ్వు నెలలు నిండి ఉన్నావు. శవాన్ని చూడకూడదని నిన్ను పక్కింటి మేరమ్మోళ్ల ఇంట్లో పెట్టి తలుపేశారు. గుర్తుందా?"

గుర్తులేకపోవడమా? ఆ ఇంట్లో కిటికీ లేని గది, గోడ అవతల పాటలు, తన అరుపులు. ఎంత బతిమాలినా ఎవరూ తలుపు తియ్యలేదు. కడుపులో బిడ్డకు మంచిది కాదన్నారు. భర్తను ఆఖరుచూపు చూసుకోనివ్వలేదన్న బాధ ఆమెను ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా వదల్లేదు.

"గుర్తుంది. చెప్పండి."

"పెట్టె తెరవొద్దని చెప్పి పంపారంట. మొహం కాలిపోయింది, గుడ్డ కట్టేశాం, చూసి తట్టుకోలేరు అన్నారంట. సరే, మొహం చూడొద్దు. కానీ చేతులకి తెల్ల గ్లోవ్స్, కాళ్లకి మేజోళ్లు తొడక్కుండా మనాళ్లని ఎవరినన్నా మట్టిలో పెట్టామా? కన్నతల్లిని, ఆ పని నేను కాక ఎవరు చేస్తారు? అందరినీ బయటికి పొమ్మన్నా."

"గ్లోవ్స్ ఎవరు తెచ్చారు?"

"కుమారే. బెజవాడ పోయి తెచ్చాడు. అయి చూస్తే అయిదు వేళ్లూ నిండుగా ఉన్నయ్యి. మనోడి చిటికెనేలు సగమే కదా. ఆ మిగిలిన గుడ్డ ఖాళీగా వేలాడుద్ది. వచ్చినోళ్లంతా దాన్నే చూస్తారు. బతికినన్నాళ్లూ దాచుకున్నాడు బిడ్డ, పోయాక నలుగురిలో ఎందుకు బయటపెట్టాలి? అందుకని ఎడమ గ్లోవ్ చిటికెనేలు సగానికి లోపలికి మడిచి, సూదీ దారం తీసుకుని కుట్టేశా. పెట్టె వచ్చేదాకా అదే పని. కళ్లు కనపడక మూడుసార్లు విప్పి కుట్టా."

ఆమె తన ఎడమచేతి చిటికెనవేలిని రెండో చేత్తో పట్టుకుంది. అక్కడ నిజంగానే గుడ్డ ఉన్నట్టు దాన్ని సవరించింది.

"కుడిచేతికి బాగానే ఎక్కింది. ఎడమచేతికి ఎక్కలా. నాలుగు వేళ్లూ దూరినయ్యి, చిటికెనేలు దగ్గర ఆగిపోయింది. నా కుట్టుకి ఏదో అడ్డం తగిలింది."

"ఏం తగిలింది?"

"ఏలు. నిండు ఏలు. గోరుతో సహా."

టేబుల్ మీద ఉన్న తన చేతినే వినీల పరాయిదాన్ని చూసినట్టు చూసుకుంది. ఆ మొండి వేలు తన వేళ్ల మధ్య ఎక్కడ ఆనేదో ఆ చోటు ఇప్పటికీ తెలుస్తోంది.

"కాలిపోయిందన్నారు కదా! కాలిన చేతిని మీరు ఎట్లా..."

"చేతులు కాలలేదమ్మా. ఆళ్లు పనిలో తోలు గ్లోవ్స్ మోచేతుల దాకా వేసుకుంటారంట కదా. చేతులు మాత్రం నిద్రపోయినోడి చేతుల్లా ఉన్నయ్యి. మణికట్టుకి ఎర్రదారం కట్టుంది. మన ఆరోన్ ఏనాడన్నా దారం కట్టాడా? ఏడో తరగతిలో బడిలో ఎవరో కడితే తెంపేసి వచ్చాడు ఎదవ. ఆ రోజు ఒంటి మీదున్న పని కోటు, జేబులో కార్డు మాత్రం మనోడివేనంట. అయి చూసే పంపించారు. ఆడి కోటు ఈ పిల్లోడెందుకు వేసుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి."

"మరి మీరేం చేశారు?"

శౌరమ్మ పెదవులు తడుపుకుంది.

"పళ్లతో కుట్టు కొరికేశా. ఏలు నిండా తొడిగా. దారం కనపడకుండా లోపలికి దోపా. చేతులు రెండూ గుండెల మీద పెట్టి, శిలువ పెట్టి, మూత వెయ్యమని కేకేశా."

వినీల కుర్చీలోంచి లేచింది. లేచాక ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు. నీళ్ల సీసా తీసుకుంది, తాగకుండానే పెట్టేసింది. సమాధుల పండుగ వచ్చే వారమే. ప్రతి ఏడూ ఆ రాయి మీద బంతిపూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించి, అక్షయ చేత మోకాళ్లూనించి 'మా నాన్నకి నిత్య విశ్రాంతి ఇవ్వండి ప్రభువా' అనిపించేది ఆమే. పిల్ల కళ్లు మూసుకుని ఎంత శ్రద్ధగా చెప్పేదో! ఆ ప్రార్థనంతా ముక్కూ మొహం తెలియని మనిషికి చేరింది.

"ఎందుకు అరవలేదు? వీడు నా కొడుకు కాదని ఒక్క కేక పెడితే ఏమయ్యేది?"

"ఏమయ్యేదో చెప్తా విను. పెట్టె ఎనక్కి పట్టుకుపోయేవాళ్లు. 'మీవోడు ఎక్కడున్నాడో ఆ కాలిన ఓడలో వెతుకుతాం' అనేవాళ్లు. వెతికితే దొరుకుతాడేమోనని భయమేసింది వినీలా. నేను నోరు మూసుకుంటే ఆ పెట్టెలో ఆడు లేడు. పెట్టెలో లేడంటే ఎక్కడో ఉన్నాడు. అంతే, ఆ ఒక్క ఆశ కోసం మూసుకున్నా. ఇంకోటి కూడా ఉంది. ఆ పిల్లోడు అంత దూరం వచ్చాడు, నా చేతులతో గ్లోవ్స్ తొడిగించుకున్నాడు. మళ్లీ ఐస్‌లో పెట్టి ఎనక్కి పంపడానికి మనసొప్పలా."

"మనసొప్పలేదు!" వినీల నవ్వింది. అది నవ్వులా లేదు.

"ఆడు నన్ను వదిలాడా మరి? కళ్లు మూస్తే చాలు వస్తాడు. మొహం ఉండదు, గుడ్డే ఉంటది. చేతులు రెండూ నా ముందు చాపుతాడు. 'ఉక్కపోస్తందమ్మా, ఇయ్యి తీసెయ్' అంటాడు. పూజలో దివ్యసత్ప్రసాదం తీసుకోబోతే కూడా నా చేతుల్లో ఆ చేతులే కనపడతయ్యి. ఆళ్లమ్మ ఎక్కడుందో, ఏ గుడికి పోయి ఎన్ని దీపాలు పెడతందో! కొడుకు బతికున్నాడనే అనుకుంటందేమో నాలాగే. అందుకే మట్టి. ఆ యార్డు గేటు కాడ పోసొస్తా. ఎప్పుడో ఒకప్పుడు ఆ తల్లి అక్కడికి వచ్చుద్ది. రాకుండా ఉండలేదు."

ఎవరి మీదైనా జాలిపడే స్థితిలో లేదు వినీల. అయినా జాలి వేసింది, అందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపమంతా ముసలావిడ మీదికే మళ్లింది.

"అంతా బాగుంది అత్తయ్యా. ఆ పిల్లవాడి సంగతి ఆలోచించారు, వాళ్లమ్మ సంగతి ఆలోచించారు. నా సంగతి? పాప మూడేళ్లదైనప్పుడు నా గడ్డం పట్టుకుని 'పోయినోడు పోయాడు, చిన్నోణ్ణి చేసుకో తల్లీ' అని ఏడ్చింది మీరు కాదా?"

"నేనే."

"అంతా తెలిసి ఎట్లా అన్నారు ఆ మాట?"

"నిజమనుకునే అన్నా. బతికుంటే ఫోన్ చెయ్యకుండా ఉంటాడా? నీకు కొడుకా కూతురా అని అడక్కుండా ఉంటాడా? ఫోన్ మోగినప్పుడల్లా పరిగెత్తా. ఎదురుచూసి ఎదురుచూసి, ఆడు లేడని నాకు నేనే చెప్పుకున్నా. నువ్వు చూస్తే పుల్లలా ఎండిపోతన్నావు."

"మీకు మీరు చెప్పుకున్నారు. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఆగిపోతావని."

"ఆగితే ఆగేదాన్ని! ఆగాలో వద్దో నేను చూసుకునేదాన్ని. అది నా బతుకు కదా అత్తయ్యా! 'మరణం విడదీసేదాకా' అని ఫాదర్ గారి ముందు రెండుసార్లు మాటిచ్చాను. మొదటి మాట ఇంకా తీరిందో లేదో తెలియకుండా రెండోది ఇప్పించారు నా చేత. ఇప్పుడు నేను ఎవరి భార్యను? చెప్పండి, ఎవరి భార్యను?"

శౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఇలాంటప్పుడు ఏ ఆడదైనా భర్త వైపు తిరుగుతుంది. వినీల కూడా తిరిగింది. 'విన్నావా మీ అమ్మ చేసిన పని' అని అడుగుదామనే తిరిగింది. అతని మొహం చూసి ఆ మాట మానుకుంది.

యేసుకుమార్ గోళ్లు గీకుతూనే ఉన్నాడు.

అన్న సమాధిలో అన్న లేడని తల్లి చెబుతుంటే ఈ మనిషి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. 'ఏంటమ్మా నువ్వు చెప్పేది' అనైనా అనలేదు. ఆశ్చర్యపోలేదు, ఏడవలేదు, కనీసం కుర్చీలో కదల్లేదు. ఎంత మాటలు తక్కువైనా ఇంత తక్కువా?

"అత్తయ్యా," అంది వినీల, అతని మీది నుంచి చూపు తిప్పకుండా. "మూత వెయ్యమని కేకేశానన్నారు. ఎవరేశారు మూత?"

"కుమారే."

గ్లోవ్స్ కొన్నదీ అతనే. తల్లి కుడుతుంటే సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది కూడా అతనే అయి ఉండాలి. ఆమెకు అప్పటికే చూపు ఆనేది కాదు. మడిచి కుట్టిన వేలు సంగతి ఆ ఇంట్లో తల్లి తర్వాత తెలిసిన రెండో మనిషి ఇతను. అతను మూత వేసేసరికి ఆ చేతులు గుండెల మీదే ఉన్నాయి.

"చూశావా?" అంది.

అగ్గిపుల్ల పుటుక్కున విరిగింది. యేసుకుమార్ దాన్ని టేబుల్ మీద పెట్టాడు.

"చూశా."

"ఒరేయ్!" శౌరమ్మ లేవబోయి, లేవలేక కూలబడింది. "నీకు తెలుసా? ఎప్పట్నించి తెలుసురా?"

"నీకు తెలిసిన కాణ్ణించే. ఆ గ్లోవ్‌లో అయిదు వేళ్లూ నిండుగా ఉన్నయ్యి. కుట్టు దారం ముక్క కింద పడుంది. ఎవరన్నా చూస్తారని తీసి జేబులో ఏసుకున్నా. నువ్వు చెప్తావేమో అని చూశా. నువ్వు చెప్పలా. నీకు తెలిసే చెప్పలేదంటే ఏదో కారణం ఉంటదిలే అని నేనూ ఊరుకున్నా."

ఒకే కప్పు కింద, ఒకే కంచంలో కూర పంచుకుంటూ, తల్లీ కొడుకూ ఇద్దరూ ఆ శవాన్ని చెరొకవైపు మోశారు. ఒకరికి తెలుసని ఇంకొకరికి తెలియదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఈ ఇంట్లో పిడికెడు కూడా అందనిది ఒక్క వినీలకే. కానీ శిక్ష మొత్తం ఆమెకే పడింది.

"తెలిసే నన్ను చేసుకున్నావా?"

అతను తల దించుకున్నాడు.

"మాట్లాడు. మీ అన్న బతికున్నాడేమో అన్న అనుమానం మనసులో పెట్టుకునే నా మెడలో తాళి కట్టావా?"

"నాన్నా! కాక్ మీ దగ్గర పడింది! వెయ్యి నాన్నా!"

కింది నుంచి అక్షయ గొంతు. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. మళ్లీ "నాన్నా!" అని కేక. యేసుకుమార్ లేచి బాల్కనీలోకి వెళ్లాడు. గ్రిల్లులో ఇరుక్కున్న కాక్‌ను జాగ్రత్తగా, రెక్కలు విరక్కుండా తీసి కిందికి వేశాడు. "మెల్లగా ఆడండమ్మా" అన్నాడు. ఆ గొంతులో ఏ తేడా లేదు. ఆ తేడా లేకపోవడం చూసి వినీలకు మొదటిసారి అతనంటే భయం వేసింది. అంతలోనే, కాన్పు తర్వాత జ్వరంతో తాను తెలివి తప్పి పడి ఉంటే, ఆ పిల్లను రాత్రుళ్లు భుజాన వేసుకుని తిరిగింది ఇతనేనన్న సంగతి కూడా గుర్తొచ్చింది. ఇతను దొంగా, దిక్కా? రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకోలేకపోయింది.

అతను తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చోలేదు, టేబుల్ పక్కన నిలబడ్డాడు.

వినీలకు ఇంకో సంగతి తట్టింది. పండుగ దగ్గరికొస్తోందని అతను మొన్ననే ఊరు వెళ్లి సమాధికి సున్నం వేసి వచ్చాడు. ఏటా సున్నం ఆరాక, లారీల మీద రాసే నల్లరంగుతో ఆరోన్ పేరు దిద్దడం అతనికి అలవాటు. అంత అందమైన అక్షరాలు ఆ తోటలో ఇంకే సమాధి మీదా ఉండవు. ఈసారి ఫోన్‌లో తీసుకొచ్చిన ఫొటోలో రాయి తెల్లగా, ఖాళీగా ఉంది. రంగు తీసుకెళ్లడం మరిచిపోయాడేమో అనుకుంది. రంగు డబ్బా, కుంచె సంచీలో అట్లాగే తిరిగొచ్చాయని ఇప్పుడు గుర్తొస్తోంది.

"మొన్న పేరెందుకు దిద్దలేదు?" అంది.

అతను విరిగిన అగ్గిపుల్ల ముక్కలు ఏరి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"మలేసియానే ఎందుకన్నావు? శ్రీలంక చవక అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నీకు ఆ టవర్లతో ఏం పని?"

"టవర్లతో పని లేదు."

"మరి?"

"ముందే చెప్తే నువ్వు రావు. నిన్నూ పాపనీ తీసుకురమ్మన్నారు."

"ఎవరు?"

శౌరమ్మ చేతిలో కొంగు జారిపోయింది. గోడ మీద ఫొటో వైపు చూసింది, మళ్లీ కొడుకు వైపు చూసింది. "ప్రభువా" అని మాత్రం అనగలిగింది.

యేసుకుమార్ బడ్జెట్ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. మొదటి వరసలో వినీల పొందికైన అక్షరాలు. 'రానూపోనూ టికెట్లు, నలుగురికి.' లారీల మీద ఎన్నో పేర్లు రాసిన అతని వేలు ఆ వరస మీద ఆగింది.

"రేపు ట్రావెల్స్ ఆఫీసులో అడ్వాన్సు కట్టేముందు ఇది మార్చాలి. పోయేటప్పుడు నలుగురమే."

ఇన్నేళ్లలో ఎన్నడూ చూడనట్టు, ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో భర్త లేడు.

"వచ్చేటప్పుడు మాత్రం ఐదుగురికి రాయి, వదినా."